రైతుకు పనికివచ్చు యాప్: దాని తయారీలో మన భాగము

నాగలి కొనునపుడు రైతు మేడి పట్టి చూచును. కర్రు వంపు చూచును. తన ఎద్దులు దానిని లాగగలవా, తన నేలలో అది దిగునా అని ఆలోచించును. అంగడివాడు మంచిదని చెప్పినంత మాత్రమున కొనడు. నేడు రైతు చేతికి మరియొక పనిముట్టు వచ్చినది. అదియే సెల్‌ఫోనులోని యాప్. వాతావరణము తెలిసికొనుటకు, మార్కెట్టు ధరలు చూచుటకు, చీడపీడలను గుర్తించుటకు, పంట నమోదు చేయుటకు, ప్రభుత్వ సహాయము అందినదో లేదో చూచుకొనుటకు వేరువేరు యాప్‌లు ఉన్నవి. కాని నాగలిని పరీక్షించినట్లు యాప్‌ను పరీక్షించు అలవాటు మనలో ఇంకను ఏర్పడలేదు. అది సరిగా పనిచేయనిచో, "నాకు చదువు చాలదు" అని రైతు తన్ను తానే నిందించుకొనుచున్నాడు. పనిముట్టు చేతికి కుదరనపుడు లోపము చేతిది కాదు.

యాప్‌ను ఎవరు, ఎట్లు తయారుచేయుదురు, మంచి యాప్‌నకు ఉండవలసిన లక్షణములేవి, దానిని బాగుచేయుటలో రైతులును గ్రామాధికారులును చేయవలసిన పని యేమి అను విషయములు ఈ వ్యాసములో తెలుపబడినవి.

కొలతలో పొరపాటు - చేతిలో నష్టము

చిన్న లోపము ఎంత నష్టము తెచ్చునో ఒక ఉదాహరణతో చూతము. ఒక ఎకరమునకు 100 సెంట్లు. అదే ఎకరమునకు 40 గుంటలు. ఆంధ్ర ప్రదేశ్‌లో రైతులు భూమిని ఎకరములు, సెంట్లలో లెక్కింతురు. తెలంగాణలో ఎకరములు, గుంటలలో లెక్కింతురు. తెలంగాణ రైతు 1.20 అని వ్రాసినచో 1 ఎకరము 20 గుంటలు, అనగా ఎకరమున్నర అని అర్థము. యాప్ తయారుచేసిన వారికి ఈ సంగతి తెలియనిచో, యంత్రము దానిని 1 ఎకరము 20 సెంట్లుగా తీసికొనును. 30 సెంట్లు, అనగా 12 గుంటల భూమి లెక్కలో మాయమైపోవును. నష్టపరిహారము, ధాన్యము కొనుగోలు, ఎరువుల లెక్క ఈ అంకె మీదనే ఆధారపడినపుడు రైతు తనకు రావలసిన దానిలో అయిదవ వంతు పోగొట్టుకొనును.

ఇందు ప్రోగ్రాము వ్రాసినవాని అశ్రద్ధ ఏమియు లేకపోవచ్చును. అతడు ఆ వాడుకను ఎన్నడును చూచి యుండడు. ఎకరములకు ఒక గడి, గుంటలకు మరియొక గడి పెట్టి, గుంటల గడిలో 39 కంటె పెద్ద అంకెను యాప్ అంగీకరింపకుండ చేసినచో చిక్కు తీరిపోవును. ఈ సవరణకు పట్టు శ్రమ స్వల్పము. కాని ఆ లోపమును చెప్పగలవాడు గ్రామములో ఉన్నాడు. సవరింపగలవాడు పట్టణములో ఉన్నాడు. ఈ ఇద్దరిని కలుపుటయే మంచి యాప్ తయారీలో ముఖ్యమైన పని.

యాప్ తయారుచేయు బృందము

యాప్ ఒక్కరు చేయు పని కాదు. ఏ పని ముందు, ఏది వెనుక అని నిర్ణయించువారు ఒకరు. తెర మీద ఏది ఎక్కడ ఉండవలెనో గీసి చూపు రూపకర్త ఒకరు. ప్రోగ్రాము వ్రాయువారు కొందరు. తప్పులు వెదకు పరీక్షకులు కొందరు. సలహాలు శాస్త్రీయముగా ఉన్నవా లేవా అని చూచుటకు వ్యవసాయ శాస్త్రజ్ఞులు కావలెను. ఇంతవరకు అందరు ఒప్పుకొందురు. కాని ఆ యాప్‌ను రేపు పొలము గట్టున నిలిచి వాడవలసిన రైతు, గ్రామ వ్యవసాయ సహాయకుడు, విస్తరణాధికారి కూడ ఆ బృందములోని వారేయని మరువరాదు.

వరినాట్లు వేయుట మనకు తెలిసినదే. నారు పీకువారు, కట్టలు మోయువారు, నాటువారు వేరువేరుగా ఉందురు. కట్టలు వేళకు అందనిచో నాటువారు ఊరక నిలువవలసి వచ్చును. ముదురు నారు పంపినచో నాటువారు ఎంత నేర్పరులైనను పిలకలు తగ్గును. యాప్ బృందము కూడ ఇట్టిదే. ఒకరి పని ఆలస్యమైనను, చెడినను దాని ఫలితము తరువాతి వారి మీద పడును.

సాఫ్ట్‌వేర్ తయారుచేయువారు కూడ ఈ విషయమును అనుభవము మీద నేర్చుకొనిరి. పూర్వము ఏండ్ల తరబడి ప్రణాళికలు వ్రాసి, అంతయు పూర్తియైన పిదప వాడువారికి ఇచ్చెడివారు. అప్పటికి అవసరములు మారిపోయి, చేసిన పని వృథా అగుచుండెడిది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రములో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమై, పనిచేయు వస్తువును తరచుగా చూపవలెననియు, వాడువారితో కలిసి పనిచేయవలెననియు, మార్పునకు సిద్ధముగా ఉండవలెననియు ఒక ప్రకటన చేసిరి. దీనిని ఎజైల్ పద్ధతి అందురు. ఈ పద్ధతులలో స్క్రమ్ అనునది ఎక్కువ వాడుకలో ఉన్నది. ఇందు బృందములో సాధారణముగా 10 మందికి మించకుండ ఉందురు. నెల రోజులు లేదా అంతకు తక్కువ గడువులో ఒక చిన్న భాగమును పూర్తిచేసి చూపుదురు. ప్రతిదినము 15 నిమిషములు కూడి, పని ఎంతవరకు వచ్చినది, అడ్డు ఏమున్నది అని మాటలాడుకొందురు.

రైతుకు ఇది క్రొత్త సంగతి కాదు. క్రొత్త వంగడమును తెచ్చినవాడు మొదటి సంవత్సరమే పొలమంతయు చల్లడు. పది సెంట్లలో వేసి చూచి, బాగున్నచో మరుసటి సంవత్సరము పెంచును. యాప్‌ను కూడ ముందు పది సెంట్లలో వేసి చూడవలెను.

బృందము చక్కగా పనిచేయుటకు మూడు నియమములు ముఖ్యమైనవి.

మొదటిది: అందరు ఒకే మాట వాడవలెను. ఆంధ్ర ప్రదేశ్‌లో ఖరీఫ్, రబీ అందురు. తెలంగాణలో వానాకాలము, యాసంగి అందురు. ఒకరు ఒక మాటను, మరియొకరు వేరొక మాటను వాడినచో లెక్కలు కలియవు. పని మొదలుపెట్టక ముందే మాటల పట్టిక ఒకటి వ్రాసి అందరి వద్ద ఉంచవలెను.

రెండవది: తప్పును వెంటనే చెప్పవలెను. చెప్పినవారిని కోపగించరాదు. మొదటి వారములో తెలిసిన తప్పు ఒక పూటలో సవరణయగును. యాప్ లక్ష మంది ఫోనులలో చేరిన పిదప తెలిసినచో నెలలు పట్టును.

మూడవది: మందు మోతాదు వంటి విషయములలో చివరి మాట శాస్త్రజ్ఞునిది కావలెను. తెరపై చోటు చాలలేదని "లీటరు నీటికి" అను మాటను తీసివేసినచో రూపకర్తకు తెర అందముగా కనబడవచ్చును గాని, రైతు పంట మాడిపోవును.

మంచి యాప్ లక్షణములు

1. ఒక తెర మీద ఒకే పని ఉండవలెను. రైతు ఎక్కువగా వాడు పని మొదటి తెర మీదనే కనబడవలెను.

2. బటన్లు పెద్దవిగా ఉండవలెను. ఆండ్రాయిడ్ ఫోనుల యాప్‌లకు గూగుల్ సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారము నొక్కవలసిన చోటు సుమారు 9 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండవలెను. పారపట్టి మొద్దుబారిన వ్రేళ్లకు ఇంకను పెద్దదైన మేలు.

3. తెలుగు అక్షరములు చెదరక కనబడవలెను. ఇంగ్లీషు అక్షరములకు సరిపోవు గీతల ఎడము తెలుగునకు చాలదు. క్రింది వత్తులు, పై గుణింతములు తెగిపోవును. ఇంగ్లీషులో చిన్నదైన మాట తెలుగులో పొడవైనది కావచ్చును. అపుడు అది బటనులో పట్టక సగము మాయమగును. బూడిదరంగు మీద లేతరంగు అక్షరములు గదిలో కనబడినను, మిట్టమధ్యాహ్నపు ఎండలో కనబడవు.

4. పంట పేర్లు ఊరి మాటలలో వెదకినను దొరకవలెను. వేరుశనగను కొన్ని చోట్ల పల్లీలనియు, కొన్ని చోట్ల శెనక్కాయలనియు, బుడ్డలనియు అందురు. మొక్కజొన్నను తెలంగాణలో మక్క అందురు. ఏ పేరు వ్రాసినను యాప్ అదే పంటను చూపవలెను.

5. సలహా రైతు కొనెడి కొలతలో ఉండవలెను. ఎకరమునకు 48 కిలోల నత్రజని అని మాత్రమే చెప్పినచో సగము పనియే అయినది. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. అంతయు యూరియా రూపములోనే వేసినచో సుమారు 104 కిలోలు కావలెను. వేపపూత యూరియా బస్తా 45 కిలోలు గనుక రెండు బస్తాలు, పైన 14 కిలోలు అని యాప్ చెప్పవలెను. డి.ఎ.పి. కూడ వేయువారికి దానిలోని నత్రజనిని తగ్గించి చెప్పవలెను. ఈ లెక్క యంత్రము చేయవలసినది, రైతు చేయవలసినది కాదు.

6. సిగ్నలు లేనిచోట కూడ పనిచేయవలెను. వ్రాసినది ఫోనులో నిలిచి, సిగ్నలు వచ్చినపుడు తనంతట తాను పోవలెను. "ఫోనులో ఉన్నది, ఇంకను పంపబడలేదు" అనియు, "పంపబడినది" అనియు వేరువేరుగా స్పష్టముగా చూపవలెను. ఈ రెండింటి భేదము తెలియక పంట నమోదు అయినదని నమ్మి గడువు దాటిన పిదప విచారించుట తగదు.

7. తప్పు వచ్చినపుడు కారణమును, చేయవలసిన పనిని చెప్పవలెను. "ఎర్రర్ 500" అనినచో ఎవరికిని అర్థము కాదు. "సర్వరు ఇపుడు పనిచేయుట లేదు. మీరు వ్రాసినది భద్రముగా ఉన్నది. సాయంత్రము మరల ప్రయత్నింపుడు" అనినచో రైతు నిశ్చింతగా తన పనికి పోవును.

8. ఫోను ఒక్కరిది కాదని గుర్తించవలెను. అనేక కుటుంబములలో ఫోను కుమారుని చేతిలో ఉండును. ఓటిపి వచ్చు నెంబరు పట్నములో ఉండును. పొలములో ఉన్న తల్లి ఆ ఓటిపి కొరకు ఎదురుచూచును. వ్రేలిముద్ర వేయుదమన్న, మట్టిపని చేసిన చేతుల గీతలు అరిగి యుండును. 2023 జూన్‌లో పి.ఎం. కిసాన్ యాప్‌లో ముఖము చూపి ఇ-కెవైసి పూర్తిచేయు సదుపాయము కల్పింపబడినది. ఇందుకు ఓటిపి గాని, వ్రేలిముద్ర గాని అక్కరలేదు. ఒక రైతు తన ఫోనుతో మరి 100 మంది రైతులకు ఈ పని చేసిపెట్టవచ్చును. వాడువారి చేతులను చూచి యాప్‌ను మార్చిన మంచి ఉదాహరణ ఇది.

9. అవసరము లేనివి అడుగరాదు. వాన కబురు చెప్పుటకు మీ ఊరు తెలిసిన చాలును. మీ ఫోనులోని పేర్ల పట్టిక, ఫోటోలు అక్కరలేదు. కారణము చెప్పక వాటిని అడుగు యాప్‌ను నమ్మరాదు.

రైతును మరల మరల రప్పించుట ఎట్లు?

యాప్ ఆకర్షణీయముగా ఉండవలెనని తయారుచేయువారు కోరుదురు. ఇది మంచి కోరికయే. అయితే రంగులు, గంటలు, రోజునకు పది సందేశములు ఆకర్షణ కావు. అంగడిలో ఊరక అరచువాని మాటను కొంతసేపటికి ఎవరును వినరు. పని జరిగిన చోటికే రైతు తిరిగి వచ్చును.

భారత వాతావరణ శాఖ, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి 2019లో మేఘదూత్ యాప్‌ను తెచ్చినవి. వాతావరణమును బట్టి పంటల సలహాలు ప్రతి మంగళ, శుక్రవారములలో ఇచ్చు పద్ధతిని ఇందు పెట్టినారు. దినములు తెలిసియున్నందున రైతు ఆ రోజు తెరచి చూచును. అదే పుణె సంస్థ తయారుచేసిన దామిని యాప్ చుట్టుప్రక్కల 20 నుండి 40 కిలోమీటర్లలో పిడుగుల ప్రమాదమును తెలుపును. ఇట్టి హెచ్చరిక ఎపుడో ఒకసారి వచ్చును. వచ్చినపుడు తప్పక చూడవలెను. ఇతర యాప్‌లు పనికిరాని సందేశములతో రైతును విసిగించినచో ఫోను మ్రోగినను అతడు జేబులోనుండి తీయడు. ప్రాణములు కాపాడు హెచ్చరిక కూడ వాటితో పాటు పోవును. కావున సందేశము పంపువారు ప్రతిసారి "ఇది చదివి రైతు ఈనాడు ఏ పని చేయును?" అని ప్రశ్నించుకొనవలెను. జవాబు లేనిచో పంపరాదు.

దేవనకొండ అనుభవము

2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలములో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి 175 మంది వేరుశనగ రైతులతో ఒక ప్రయోగము చేసినవి. 1986 నుండి 2015 వరకు 30 సంవత్సరముల వాతావరణ వివరములను లెక్కగట్టి, ఎపుడు విత్తవలెనో చెప్పుట దీని ఉద్దేశము. జూన్ మొదట తొందరపడక ఆ నెల చివరి వారము వరకు ఆగుమని సలహా వచ్చినది. విత్తనశుద్ధి, విత్తవలసిన లోతు, భూసార పరీక్షను బట్టి ఎరువులు కూడ చెప్పబడినవి.

ఇందు గమనింపదగినది ఏమనగా, లెక్క వేసిన యంత్రము ఎంత పెద్దదైనను, రైతుకు చేరినది తెలుగులో చిన్న సందేశము మాత్రమే. దానికి సాధారణ ఫోను చాలినది. పొలములో ఏ పరికరమును పెట్టనక్కరలేదు. సలహా పాటించిన వారికి సగటున నూటికి 30 వంతులు అధిక దిగుబడి వచ్చినట్లు ఆ సంస్థలు ప్రకటించినవి. 2017 ఖరీఫ్‌లో ఈ కార్యక్రమమును ఆంధ్ర ప్రదేశ్, కర్ణాటకలలో 3,000 మందికి పైగా రైతులకు, పలు పంటలకు విస్తరింపగా పెరుగుదల నూటికి 10 నుండి 30 వరకు ఉన్నట్లు తెలిపినవి. ముందు కొద్దిమందితో చేసి, చూచి, పిమ్మట పెంచిరి. రైతు వద్ద ఉన్న ఫోనుకు తగినట్లు సలహాను మలచిరి గాని, సలహా కొరకు క్రొత్త ఫోను కొనుమనలేదు.

అయిదుగురితో పరీక్ష

యాప్ వాడుక సులభమా, కష్టమా అని తెలిసికొనుటకు వందల మంది అక్కరలేదు. ఈ విషయములో పేరుపొందిన జేకబ్ నీల్సన్ 2000లో ఒక వ్యాసము వ్రాసి, అయిదుగురు వాడుచుండగా చూచినచో వాడుకలోని లోపములలో నూటికి 85 వరకు బయటపడునని లెక్క చూపెను. ఒకేసారి 15 మందితో చూచుటకంటె, అయిదుగురితో చూచి, సవరించి, మరల అయిదుగురితో చూచుట మేలని ఆయన సలహా.

ఈ పరీక్షను ఏ గ్రామములోనైనను చేయవచ్చును. ఒక మహిళా రైతును, కళ్లజోడు పెట్టుకొను పెద్దవారిని, కౌలు రైతును, యువకుని, ఆ యాప్‌ను ఎన్నడును చూడనివారిని ఒకరిని ఎన్నుకొనుడు. ఒక్కొక్కరిని విడివిడిగా కూర్చుండబెట్టుడు. "ఇక్కడ నొక్కుము" అని చెప్పక, "ఈ వారము మందు కొట్టవచ్చునో లేదో చూడుము" అని పని మాత్రము చెప్పుడు. పిమ్మట మాటలాడక చూచుచుండుడు. వారి చేతిలోనుండి ఫోను తీసికొనరాదు. ఎక్కడ ఆగిరి, ఏ మాట అర్థము కాలేదు, ఏ బటను పొరపాటున నొక్కిరి అని వ్రాసికొనుడు. ముగ్గురు ఒకే చోట ఆగినచో లోపము ముమ్మాటికి యాప్‌దే.

ఫిర్యాదు చేయు విధము

"యాప్ పనిచేయుట లేదు" అని చెప్పినచో సవరించువారికి ఏమియు తెలియదు. పశువు జబ్బుపడినపుడు వైద్యునితో "బాగులేదు" అని ఊరకొనము. మేత ఎపుడు మానినది, జ్వరమున్నదా, పేడ ఎట్లున్నది అని చెప్పుదుము. అట్లే ఈ క్రింది విషయములు తెలుపవలెను.

1. ఏ తేదీన, ఏ వేళకు జరిగినది.
2. ఏ ఫోను, యాప్ ఏ వెర్షను.
3. ఏ పని చేయబోయితిరి, వరుసగా ఏమేమి నొక్కితిరి.
4. ఏమి జరుగుననుకొంటిరి, ఏమి జరిగినది.
5. సిగ్నలు ఉన్నదా, లేదా.
6. తెర ఫోటో, అనగా స్క్రీన్‌షాట్. అందు ఆధారు నెంబరు, బ్యాంకు ఖాతా, ఓటిపి కనబడకుండ చూచుకొనవలెను.

ఇట్లు వ్రాసిన ఒక ఫిర్యాదు నూరు తిట్లకంటె ఎక్కువ పనిచేయును.

గ్రామాధికారులకు ఒక మాట

యాప్‌లో సరియైన గడి లేనపుడు ఏదో ఒకటి నొక్కి పని ముగించుట సులభము. వేరుశనగలో కంది అంతరపంటగా ఉండగా, రెండు పంటలు వ్రాయుటకు చోటు లేదని వేరుశనగ మాత్రమే నమోదు చేసినచో ఆనాటికి జాబితా పూర్తియగును. కాని కంది దెబ్బతిన్ననాడు ఆ రైతుకు ఆధారము ఉండదు. పైఅధికారులకు ఆ మండలములో కంది లేదని తోచును. తయారుచేసినవారు తమ యాప్ చక్కగా ఉన్నదని తలతురు. లోపమును కప్పిపుచ్చిన వారమగుదుము గాని సాయపడిన వారము కాము. అట్టి సందర్భములలో రైతు పేరు, సర్వే నెంబరు, యాప్‌లో చోటు లేని విషయము పుస్తకములో వ్రాసి, అదే దినము వ్రాతపూర్వకముగా పైకి తెలుపవలెను. జవాబు వచ్చినపుడు దానిని రైతుకు చదివి వినిపింపవలెను. తన మాట చేరినదని తెలిసిన రైతు రెండవసారి కూడ చెప్పును.

యాప్ అందనివారిని ప్రక్కకు నెట్టరాదు. వారికి కిసాన్ కాల్ సెంటర్ నెంబరు 1800-180-1551 ఇవ్వుడు. ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు తెలుగులో ఉచితముగా మాటలాడవచ్చును.

ఈ ఋతువులో ప్రతి గ్రామములోను ఒక్క యాప్‌ను ఎన్నుకొని, అయిదుగురితో పరీక్షించి, బయటపడిన లోపములను పైన చెప్పిన విధముగా వ్రాసి పంపుడు. కొలతలు, పంట పేర్లు, సిగ్నలు లేనిచోట పనిచేయుట, ఈ మూడింటిని ముందు చూడుడు. నాగలి చేయు వడ్రంగి రైతు ఊరిలోనే ఉండెడివాడు గనుక మేడి ఎత్తు కుదరనిచో సాయంత్రమే సరిచేయించుకొనెడివారము. యాప్ చేయు వడ్రంగి దూరమున ఉన్నాడు. మేడి ఎత్తు ఎంత కావలెనో మనము చెప్పిననే గాని అతనికి తెలియదు.